డెంగ్యూ తగ్గింది, మా తమ్ముడు మాత్రం మారిపోయాడు. నీరసమా, ఇంకేమైనానా?

బీటీఎం_అక్క
మా తమ్ముడికి 19 ఏళ్లు. ఇక్కడే బెంగళూరులో ఇంజనీరింగ్ రెండో ఏడాది, కాలేజీ పక్కన పీజీలో ఉంటాడు. వానలు మొదలైనప్పుడు డెంగ్యూ వచ్చింది. డెంగ్యూకి చేసే ఎన్ఎస్1 రక్తపరీక్ష పాజిటివ్, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి అడ్మిట్ చేశాం, ఎక్కించే పని లేకుండానే మళ్లీ పెరిగాయి, డిశ్చార్జ్ చేయించి నా దగ్గరికి తెచ్చుకున్నాను. గండం గడిచిందనుకున్నాం. నెల దాటింది, జ్వరం లేదు, బ్లడ్ రిపోర్టులు బాగున్నాయి, మనిషి మాత్రం మునుపటి మనిషి కాడు. అర్ధరాత్రి రెండింటికి, మూడింటికి హాల్లో కూర్చుని ఉంటాడు. చేతిలో ఫోన్ కూడా ఉండదు, ఊరికే. పగలంతా పడకే. నిన్న పప్పన్నం పెడితే ముద్ద కలిపాడు, మళ్లీ కలిపాడు, నేను వంటింట్లో పని ముగించుకుని వచ్చేసరికి ఇంకా కలుపుతూనే ఉన్నాడు, వేళ్ల చుట్టూ అన్నం ఎండిపోయింది, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. అడిగితే "ఏం లేదక్కా" అంటాడు. క్రికెట్ అంటే పడి చచ్చేవాడు, మ్యాచ్ పెడితే ఛానల్ మార్చమన్నాడు.
మొదట చూసిన డాక్టరు వైరల్ తర్వాత వీక్‌నెస్ అని విటమిన్ బిళ్లలు రాశారు. అమ్మ ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేసి గాలి సోకి ఉంటుంది, తీసుకొస్తే తాయెత్తు కట్టిద్దాం అంటోంది. నాన్నేమో కాలేజీ ఎగ్గొట్టడానికి వేషాలంటున్నారు. ఇక్కడ మెదడు, మనసు జబ్బులు చూసే పెద్దాసుపత్రి నిమ్‌హాన్స్ పేరెత్తితే ఇంట్లో యుద్ధమే. మీలో ఎవరికైనా ఇలా అయిందా? ముందు ఎవరికి చూపించాలి?

రాగిముద్ద
డెంగ్యూ తర్వాత నీరసం మామూలే అక్కా. పోయినేడు నాకొచ్చినప్పుడు ఆఫీసులో ఒక్క అంతస్తు ఎక్కడానికీ లిఫ్టే. జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లు ఊడింది. తిండి బాగా పెట్టండి, సర్దుకుంటాడు.

కడప_కుర్రోడు
బొప్పాయాకు రసం పొద్దున్నే పరగడుపున. కివీ పండ్లు. ప్లేట్‌లెట్లు తక్కువుంటే బుర్ర కూడా పనిచేయదు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
@కడప_కుర్రోడు ఆవిడ ప్లేట్‌లెట్లు పెరిగాయని రాశారు, చదివి రాయన్నా. పైగా ఆ రసం తాగితే మామూలు మనిషికే బతుకు మీద విరక్తి పుడుతుంది.

నర్సమ్మ_జయనగర్
రాగిముద్ద గారు, మీది నీరసం. మెట్లెక్కలేకపోవడం వేరు, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చోవడం వేరు. నేను డాక్టర్ని కాదు, న్యూరో వార్డులో చాలా ఏళ్లు డ్యూటీ చేసి మానేశాను. అక్కా, ఇవి చూసి చెప్పండి. ఈరోజు ఏ వారం, ఎక్కడున్నావు అంటే సరిగ్గా చెబుతున్నాడా? మాట ముద్దగా వస్తోందా, మధ్యలో ఆగిపోతోందా? మూతి గానీ చేతులు గానీ వాటంతటవే కదులుతున్నాయా? ఫిట్స్ లాంటివి? ఎలా కూర్చోబెడితే అలా బిగుసుకుపోయి ఉండిపోతున్నాడా? ఎవరో మాట్లాడుతున్నారనీ, ఎవరో తనని చూస్తున్నారనీ అంటున్నాడా? మళ్లీ జ్వరం, తలనొప్పి, వాంతులు? వీటిలో ఏ ఒక్కటున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, న్యూరాలజిస్టు ఉండే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి ఇవాళే వెళ్లండి.
ఇంకొకటి. చచ్చిపోవాలనిపిస్తోందా అని వాణ్ని నేరుగా అడగండి. అలా అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టవుతుందని చాలామంది భయపడతారు, అలా ఏం కాదు.

ఒంగోలు_గిత్త
ఇప్పటి పిల్లలకి జలుబు చేసినా డిప్రెషనే. మా రోజుల్లో టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు లంఖణాలు చేసి లేచి పొలం పోయాం. పని లేకపోతే మనసు ఇలాగే తిరుగుతుంది. కాలేజీకి పంపండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
@ఒంగోలు_గిత్త మీ రోజుల్లో లేచి పొలం పోయినవాళ్లు మాత్రమే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నారు మావా. లేవనివాళ్లు రాయలేరు కదా.

బీటీఎం_అక్క
నర్సమ్మ గారు, తేదీ, వారం అన్నీ సరిగ్గానే చెప్పాడు. మాట నెమ్మదించింది, ముద్దగా అయితే లేదు. ఫిట్స్ లేవు, బిగుసుకుపోవడం లేదు. మీరన్నట్టు అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "చచ్చిపోవాలని కాదక్కా, పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది" అన్నాడు. నాకు చేతులు వణుకుతున్నాయి.

నర్సమ్మ_జయనగర్
అడిగారు, చెప్పాడు, మంచిదే అయింది. రాత్రి మీరు అదే గదిలో పడుకోండి. ఇంట్లో మాత్రలు, ఎలుకల మందు లాంటివి ఉంటే తీసి తాళం వేయండి, బాల్కనీ తలుపు కూడా. ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. చేయి కోసుకోవడం లాంటి ప్రయత్నం ఏదైనా చేసినా, చేస్తానన్నా ఫోన్లు పక్కనపెట్టి నేరుగా ఎమర్జెన్సీకే. నిమ్‌హాన్స్ ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది.

హోసూరు_పద్మ
మా అమ్మాయి సంగతి రాస్తాను, ఎవరినీ భయపెట్టడానికి కాదు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, 22 ఏళ్లు. ఫ్లూ లాంటి జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత నిద్ర పోయింది. టీవీలో వార్తలు చదివేవాళ్లు తన గురించే చెబుతున్నారంది. ఒక రాత్రి పీజీ నుంచి చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పోయింది. ఒక ప్రైవేటు సైకియాట్రీ ఆసుపత్రిలో చేర్చాం, ఉద్యోగం టెన్షన్, ప్రేమ వ్యవహారం ఏదో ఉంటుందని మందులిచ్చారు. ఆ మందులకి ఇంకా బిగుసుకుపోయింది, మూతి ఏదో నములుతున్నట్టు ఆడించేది. తర్వాత ఫిట్స్. అప్పుడు డ్యూటీలో ఉన్న ఒక చిన్న డాక్టరు, ఇంకా డాక్టరీలో పై చదువు చదువుతున్న కుర్రాడు, ఇది మెంటల్ కాదేమో అమ్మా, మెదడు వాపు కావచ్చు అని న్యూరోకి పంపాడు. ఎంఆర్ఐ నార్మలే వచ్చింది. వెన్నులోంచి నీరు తీసి పంపితే ఎన్ఎండీఏ యాంటీబాడీ పాజిటివ్. అండాశయంలో ఏదైనా గడ్డ ఉందేమో అని కడుపు స్కాన్ చేశారు, డెర్మాయిడ్ అనే చిన్న గడ్డ కనిపించింది, తీసేశారు. స్టెరాయిడ్లు, ఐవీఐజీ అని నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు. ఖర్చు లక్షల్లో. నెలలు పట్టింది కానీ పిల్ల తిరిగి మా పిల్లలా అయింది, మళ్లీ ఉద్యోగం చేస్తోంది. ఆ మధ్యలోని రోజులు తనకి ఒక్కటీ గుర్తులేవు.

కడప_కుర్రోడు
అమ్మో. వైరస్ వల్లే వచ్చిందా అది?

నర్సమ్మ_జయనగర్
పద్మ గారి అమ్మాయి విషయంలో జ్వరమే ఆ జబ్బుకి మొదలు కూడా అయ్యుండొచ్చు, ఇందులో ముందు ఫ్లూ లాంటి లక్షణాలు చాలామందికి వస్తాయి. శరీరం తయారుచేసిన యాంటీబాడీలు మెదడు కణాలు కబుర్లు అందుకునే ఎన్ఎండీఏ రిసెప్టర్ల మీద పడతాయి, అందుకే చూసేవాళ్లకి పిచ్చిలా కనిపిస్తుంది. దీన్ని 2007లో డాల్మౌ అనే డాక్టరు బృందం బయటపెట్టింది, అంతకుముందు ఇలాంటి ఆడపిల్లల్ని ఏమనుకుని ఎక్కడ పడేశారో దేవుడికే తెలియాలి. వైరస్‌తో ఖాయంగా సంబంధం తేలింది హెర్పిస్ అనే వైరస్ తెచ్చే మెదడువాపు తర్వాత. ఆ వైరస్ తగ్గి పిల్లలు ఇంటికెళ్లాక కొన్ని వారాలకి కొందరికి మళ్లీ తిరగబెడుతుంది, అందరూ వైరసే మళ్లీ వచ్చిందనుకుంటారు, తీరా చూస్తే యాంటీబాడీలు. మన దగ్గర దోమలతో వచ్చే మెదడువాపు, జపనీస్ ఎన్‌కెఫలైటిస్ తర్వాత కూడా పిల్లల్లో ఇలాంటి కేసులు రిపోర్ట్ అయ్యాయి.

డేటా_దొర
నంబర్లు కావాలంటే: స్పెయిన్ వాళ్లు 2018లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వేశారు, హెర్పిస్ మెదడువాపు వచ్చిన 51 మందిని వెంటపడి చూస్తే 27 శాతం మందికి తర్వాత ఈ ఆటోఇమ్యూన్ రకం, అంటే సొంత యాంటీబాడీలే మెదడు మీద పడేది, వచ్చింది. ఎన్ఎండీఏ రకం మీద 2013లో పెద్ద స్టడీ ఉంది, 577 మంది, వైద్యం అందినవాళ్లలో రెండేళ్లకి దాదాపు 81 శాతం బాగా కోలుకున్నారు. త్వరగా మొదలుపెట్టినవాళ్లకి ఇంకా మంచిది. అంటే భయపడాల్సింది జబ్బుకన్నా ఆలస్యానికి.

ఒంగోలు_గిత్త
లక్షలో ఒకరికి వచ్చేది చెప్పి ఆ పిల్ల గుండె ఆపేస్తారా? తమ్ముడికి ఫిట్స్ లేవు అంది కదా.

డేటా_దొర
ఈ ఒక్కదానికి గిత్త గారితో ఏకీభవిస్తున్నా, రికార్డు చేసుకోండి. ఆ అబ్బాయికి ఎన్ఎండీఏ కాకపోవడానికే ఎక్కువ అవకాశం. కానీ కాదు అని తేల్చాల్సింది మనం కాదు.

చరిత్ర_రామం
ఇదేం కొత్త కాదు. 1918 ఫ్లూ తర్వాత బోస్టన్‌లో కార్ల్ మెనింగర్ అనే కుర్ర డాక్టరు, ఆసుపత్రికి వచ్చిన వంద దాకా కేసులు చూసి 1919లో రాశాడు. జ్వరం తగ్గాక మతి తప్పినవాళ్లు. అందులో చాలామందికి అప్పట్లో ఇక బాగుపడదనే ముద్ర వేసిన పేరు పెట్టారు, ఇప్పుడు స్కిజోఫ్రీనియా అంటాం. కొన్నేళ్ల తర్వాత అదే మనిషి వాళ్లని మళ్లీ వెతికి చూస్తే ఎక్కువమంది కోలుకుని ఉన్నారు. అదే కాలంలో నిద్రజబ్బు ఒకటి ఐరోపా అంతా పాకింది, ఎన్‌కెఫలైటిస్ లెథార్జికా, వియన్నాలో ఫాన్ ఎకనమో 1917లో వర్ణించాడు. అది వచ్చి తగ్గిన పిల్లలు కొందరు పూర్తిగా మొండిగా, కోపిష్టులుగా మారిపోయారు. దానికి ఫ్లూనే కారణమా అన్నది ఇప్పటికీ తేలలేదు.

కోలారు_తాత
నేను కోలారు జిల్లా ఆరోగ్య శాఖలో చేసి రిటైరైనవాణ్ని, ఇంట్లో తెలుగే. 70ల చివర్లో మా దగ్గర మెదడువాపు జ్వరాలు వచ్చాయి, పందులూ వరిమళ్లూ దోమలూ, మీరు పుస్తకాల్లో చదివే జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అదే. బతికిన పిల్లల ఇళ్లకి తర్వాత వెళ్లేవాళ్లం. బంగారుపేట దగ్గర ఒక ఊళ్లో బడికి బుద్ధిగా పోయే పిల్లాడు జ్వరం తర్వాత కారణం లేకుండా నవ్వడం, తల్లిని కొరకడం. వాళ్లు గుళ్ల చుట్టూ తిప్పి తిప్పి అప్పులపాలయ్యారు. మెదడుకి దెబ్బ తగిలిందమ్మా, పిల్లాడిది తప్పు కాదు అని చెప్పినవాడు లేడు.
ఇంకో మాట. తట్టు వచ్చి తగ్గిన ఏళ్లకేళ్ల తర్వాత కొందరు పిల్లలు చదువులో పడిపోతారు, మతిమరుపు, చిరాకు, తర్వాత ఉలిక్కిపడ్డట్టు చేతులు కొట్టుకుంటాయి, పళ్లెం జారవిడుస్తారు. బద్ధకమని బడిలో కొడతారు. అది ఎస్ఎస్‌పీఈ, తట్టు వైరస్ మెదడులో ఉండిపోయి తెచ్చే జబ్బు. దానికి మందు సరిగ్గా లేదు, తట్టు టీకా ఒక్కటే దారి. తొమ్మిది నెలలకి ఒకటి, ఏడాదిన్నర వేళకి రెండోది, మీ పిల్లల కార్డులు తీసి చూసుకోండి.

మల్లి_మున్నేకొళ్లాల
కోలారు తాతగారి పోస్టు చదివి లేచి మా వాడి కార్డు చూసొచ్చాను. రెండూ వేశారు, హమ్మయ్య.
మాది వేరే రకం. మా వాడికి వైరల్ జ్వరం తర్వాత పిల్లికూతలు వస్తే మాంటెలూకాస్ట్ అని ఆస్తమా, అలర్జీలకి వాడే మందు రాశారు. రాత్రుళ్లు అరుస్తూ లేచేవాడు, చెల్లెల్ని గోడకేసి తోశాడు, అలాంటి పిల్లాడు కాదు. అందరూ జ్వరం వల్ల చిరాకు అన్నారు. మందు అట్టపెట్టెలో కాగితం చదివి డాక్టర్ని అడిగితే వెంటనే మార్చారు, కొన్ని రోజుల్లో మామూలయ్యాడు. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2020లోనే దీని మీద పెద్ద హెచ్చరిక పెట్టింది. అందరికీ ఇలా కాదు, చాలామంది పిల్లలకి బాగానే పడుతుంది. కానీ జ్వరానికి, దగ్గుకి ఏమేం మందులు వాడారో ఆ లిస్టు డాక్టరు ముందు పెట్టండి అక్కా.

మడివాళ_అజ్ఞాత
మందుల మాట వచ్చింది కాబట్టి. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో నాకు స్టెరాయిడ్లు ఇచ్చారు. నిద్ర అక్కర్లేదు, ప్రపంచాన్ని ఉద్ధరించేస్తానన్న ఉత్సాహం, తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో ట్రెడ్‌మిల్ ఆర్డర్ చేశాను. ఊపిరాడని మనిషికి ట్రెడ్‌మిల్. పక్కరోజు చేపల తొట్టి వచ్చింది. స్టెరాయిడ్ ఆపాక పాతాళంలోకి పడ్డాను, ఆర్నెల్లు పట్టింది లేవడానికి. చేపలు మాత్రం బతికే ఉన్నాయి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఆరేస్తున్నారా?

మడివాళ_అజ్ఞాత
ఇంకెందుకు అది.

రాగిముద్ద
కోవిడ్ వచ్చినవాళ్లలో మూడోవంతు మందికి మెదడు, మనసు సమస్యలు అని అప్పట్లో వాట్సాప్ నిండా తిరిగింది. అది నిజమేనా, పుకారా?

డేటా_దొర
సగం నిజం. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2021లో అమెరికా ఆసుపత్రి రికార్డుల్లో 2,36,379 మందిని చూశారు, ఆరు నెలల్లో దాదాపు 34 శాతానికి ఏదో ఒక న్యూరో లేదా మానసిక డయాగ్నోసిస్ రాసి ఉంది. అందులో పాతవి తిరగబెట్టినవి కూడా ఉన్నాయి, అదీ ఎక్కువభాగం ఆందోళన, మూడ్ సమస్యలు. వాట్సాప్‌లో ఈ ముక్క రాదు. అదే బృందం 2022లో రెండేళ్ల లెక్క వేసింది, పిల్లల్ని విడిగా తీశారు. ఇతర శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు వచ్చిన పిల్లలతో పోలిస్తే కోవిడ్ పిల్లల్లో డిప్రెషన్, యాంగ్జైటీ ఎక్కువేం కాదు. కానీ నిద్రలేమి, మతిమందగించడం, ఫిట్స్, లేనివి ఉన్నట్టు అనిపించే సైకోసిస్ మాత్రం కొంచెం ఎక్కువ. సైకోసిస్ లాంటివి మొత్తం మీద చూస్తే అరుదే.

ఒంగోలు_గిత్త
మరి నేనన్నదేంటి? బలహీనమైన మనసున్న వాళ్లకే ఇవన్నీ.

డేటా_దొర
అక్కడే తప్పు. ఆస్ట్రేలియాలో డబ్బో అనే ఊళ్లో గ్లాండ్యులర్ ఫీవర్, క్యూ ఫీవర్, రాస్ రివర్ జ్వరం వచ్చిన 253 మందిని చూశారు, 2006లో అచ్చయింది. ఆరు నెలల తర్వాత కూడా 12 శాతం మంది లేవలేనంత అలసటతో, నిద్ర చెడి, ఏకాగ్రత లేకుండా ఉన్నారు. ఎవరికి అలా అవుతుందో ముందే చెప్పగలిగింది జ్వరం ఎంత తీవ్రంగా వచ్చింది అన్నదే. ముందునుంచీ మనసు ఎలా ఉండేది అన్నది కాదు.

నర్సమ్మ_జయనగర్
జ్వరం వచ్చినప్పుడు ఎవరికైనా తిండి వద్దు, మనుషులు వద్దు, చీకట్లో పడుకోవాలి అనిపిస్తుంది కదా. అది రోగనిరోధక శక్తి మెదడుకి పంపే కబురు. సైటోకైన్లు అంటారు. హెపటైటిస్ సీకి ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు, అదీ ఇలాంటి పదార్థమే, శుభ్రంగా ఉన్న మనుషులు కూడా అది మొదలయ్యాక డిప్రెషన్‌లో పడేవాళ్లు, మా వార్డుకే వచ్చేవాళ్లు. కొందరిలో వైరస్ పోయినా ఆ కబురు ఆగదు. దొంగ వెళ్లిపోయాక కూడా కాలనీ కుక్కలు తెల్లారేదాకా మొరుగుతాయి చూడండి, అలా.

సిల్క్‌బోర్డ్_బాధితుడు
మా కాలనీ కుక్కలకి దొంగతో పనే లేదండీ, స్విగ్గీ బాయ్ చాలు.

పీజీ_ఓనరు_నెల్లూరు
నేను పీజీ నడుపుతాను, నాలుగు మాటలు. డెంగ్యూ వచ్చి ఊరెళ్లిన పిల్లలు వారం తిరగకుండా వచ్చేస్తారు, ఇంటర్నల్స్ అంటారు, అటెండెన్స్ అంటారు. ముగ్గురుండే గదిలో ఇద్దరు కాలేజీకి పోతే వీడొక్కడే, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. మధ్యాహ్నం తిన్నాడా లేదా చూసేవాడు లేడు. అమ్మానాన్నలు మాకు ఫోన్ చేసి అద్దె గురించి అడుగుతారు గానీ పిల్లాడు ఎలా ఉన్నాడని అడగరు. కాస్త చెప్పి ఉంచితే మా వంటాయన అయినా తలుపు కొట్టి చూస్తాడు.

కడప_కుర్రోడు
మీ సాంబారు గురించి కూడా ఒక స్టడీ చేయాలి.

పీజీ_ఓనరు_నెల్లూరు
నువ్వు మా పీజీ వాడివే అని నాకు తెలుసు. మూడో అంతస్తు.

డెయిరీసర్కిల్_దాసు
అక్కా, అసలు ప్రశ్నకి వస్తా, ఎవరికి చూపించాలి అని. మనవాళ్లకి నిమ్‌హాన్స్ అంటే హైదరాబాద్ ఎర్రగడ్డ పిచ్చాసుపత్రే. నిజానికి 1974లో పాత మెంటల్ హాస్పిటల్‌నీ, పక్కనున్న సంస్థనీ కలిపి కట్టింది ఇది, మెదడు, నరాలు, మనసు మూడూ ఒకే కాంపౌండ్‌లో. ఫిట్స్ వాళ్లు, పక్షవాతం వాళ్లు, తలకి దెబ్బ తగిలినవాళ్లు, అందరూ అదే గేటు. మీ కేసుకి అదే కలిసొస్తుంది, న్యూరో వాళ్లు చూసి మాది కాదంటే ఊరి అవతలికి పరిగెత్తక్కర్లేదు. పొద్దున్నే వెళ్లండి, ఆలస్యమైతే రోజు గోవిందా. ఆధార్, డిశ్చార్జ్ సమ్మరీ, వాడిన మందుల చీటీలు, మంచినీళ్లు, ఏదైనా టిఫిన్ కట్టుకుని పోండి. కన్నడం రాకపోయినా పర్లేదు, తెలుగొచ్చిన వాళ్లు ప్రతి వరసలోనూ ఉంటారు. మీ నాన్నగారికి నరాల డాక్టరు దగ్గరికి అని చెప్పండి, గొడవ ఉండదు.

హోసూరు_పద్మ
అబద్ధం ఎందుకు దాసన్నా? రేపు మందుల చీటీ చూస్తే ఇంకా రచ్చ.

డెయిరీసర్కిల్_దాసు
అబద్ధం ఎక్కడుంది, నరాల డాక్టరు ఉన్నారు కదా. ముందు గేటు దాటనివ్వండి, సిద్ధాంతాలు తర్వాత.

నర్సమ్మ_జయనగర్
నాన్నకి ఏం చెబుతారో మీ ఇష్టం. తమ్ముడికి మాత్రం అన్నీ చెప్పే తీసుకెళ్లండి. మోసం చేసి తెచ్చారనుకుంటే డాక్టరు ముందు నోరు విప్పడు.

చరిత్ర_రామం
తాయెత్తు సంగతి? నేనైతే కట్టనివ్వకూడదనే అంటాను. ఒకసారి ఒప్పుకుంటే తర్వాత కోడి, తర్వాత భూతవైద్యుడు.

కోలారు_తాత
తల్లి మనసు రామం. కొరియర్‌లో పంపమనండి, కట్టుకుంటాడు, దారప్పోగుతో ఏం నష్టం. ప్రొద్దుటూరు తీసుకెళ్లడం మాత్రం వద్దు, అక్కడికి పోతే ఆసుపత్రి నెల వెనక్కి పోతుంది. నేను చూసినవాళ్లలో చెడిపోయింది తాయెత్తు వల్ల కాదు, తాయెత్తు పనిచేస్తుందేమోనని ఆగడం వల్ల.

మల్లి_మున్నేకొళ్లాల
ఇన్సూరెన్స్ ఉంటే పేపర్లు తీసి పెట్టుకోండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మామూలు జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. మా ఆఫీసు హెచ్ఆర్‌కే ఈ సంగతి తెలియదు, నేను చూపించాల్సి వచ్చింది.

నిర్వాహకుడు
మందుల డోసులు ఎవరూ రాయొద్దు. నిద్రమాత్ర పేరు రాసిన పోస్టు ఒకటి తీసేశాను. బొప్పాయి పోస్టు ఉంచాను, వినోదం కోసం.

బీటీఎం_అక్క
వెళ్లొచ్చాం. ఆ రాత్రే 14416కి చేశాను, వాడితో కూడా మాట్లాడారు. మర్నాడు చీకటితోనే బయల్దేరాం. వరస చాలా పెద్దది, కానీ లోపలికి పిలిచాక ఆ డాక్టరమ్మ హడావుడి పడలేదు. ముందు నన్ను కూర్చోబెట్టి అంతా రాసుకుంది, తర్వాత నన్ను బయటికి పంపి వాడితో ఒక్కడితోనే మాట్లాడింది. న్యూరో వాళ్లు కూడా చూశారు, నడిపించారు, మోకాళ్ల మీద కొట్టి చూశారు, చిన్న చిన్న లెక్కలు చేయించారు. తలకి వైర్లు పెట్టి తీసే ఈఈజీ, ఎంఆర్ఐ రెండూ బాగున్నాయి. వెన్ను నీరు తీయాల్సిన అవసరం ఇప్పటికి కనిపించలేదన్నారు, కానీ నర్సమ్మ గారు రాసిన లిస్టే దాదాపు చెప్పి వీటిలో ఏదొచ్చినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. థైరాయిడ్ నార్మల్. బీ12 మాత్రం మరీ తక్కువ. మాంసం తినడు, పీజీలో పెరుగు కూడా ముట్టడు, దానికి ఇంజెక్షన్లు రాశారు. ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చిన డిప్రెషన్ అన్నారు. మాత్ర మొదలుపెట్టారు, పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుందట, ఈలోపు ఒంటరిగా వదలొద్దన్నారు, మళ్లీ రమ్మన్నారు.
ఇంకొకటి ఉంది. వాడు డాక్టరమ్మకి చెప్పింది మాకెవ్వరికీ చెప్పలేదు. వార్డులో పక్క మంచం మీద వీడి వయసు అబ్బాయే, డెంగ్యూనే. సాయంత్రం ఇద్దరూ ఫోన్‌లో ఏదో గేమ్ ఆడుకున్నారట. తెల్లారుజామున ఆ అబ్బాయిని హడావుడిగా ఐసీయూకి తీసుకెళ్లారు, మళ్లీ రాలేదు. వీడు మెలకువగానే ఉన్నాడు. రాత్రి రెండింటికి, మూడింటికి లేచి కూర్చునేది అందుకేనట, నిద్రపోతే తనకీ అలాగే అవుతుందేమోనని.

హోసూరు_పద్మ
అయ్యో నాన్నా.

రాగిముద్ద
ఇది చదివాక ఏం రాయాలో తోచట్లేదు.

డేటా_దొర
వైరసా, మనసా అని ఇంతసేపు కొట్టుకున్నాం. ఆ పిల్లాడి దగ్గర రెండూ ఉన్నాయి, పైన బీ12.

ఒంగోలు_గిత్త
ఆ అబ్బాయి గురించి మాట్లాడనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. కోడిగుడ్డు తింటాడా? పాలు, పెరుగు అయినా అలవాటు చేయండి. మీ నాన్న నంబరు నాకు మెసేజ్ చెయ్యమ్మా, మా వయసువాడే అయ్యుంటాడు, నేను మాట్లాడతాను. మీరు చెబితే వినరు మాలాంటివాళ్లు.

బీటీఎం_అక్క
పంపాను మావయ్యా. ఇప్పుడు అసలు తలనొప్పి కాలేజీ. అటెండెన్స్ షార్టేజ్ అని మెయిల్ పెట్టారు, మెడికల్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. డిప్రెషన్ అని రాసిన కాగితం కాలేజీలో ఇవ్వడానికి వాడు ఒప్పుకోవట్లేదు, క్లాసంతా తెలిసిపోతుందంటున్నాడు.

మడివాళ_అజ్ఞాత
వాడి మాటే వినండి. నా కాగితం హెచ్ఆర్ టేబుల్ మీద తెరిచి పెట్టి కాఫీకి వెళ్లాడు, మధ్యాహ్నానికి ఫ్లోరంతా తెలిసింది.

నర్సమ్మ_జయనగర్
డెంగ్యూ డిశ్చార్జ్ సమ్మరీ ఎలాగూ ఉంది, అడ్మిట్ అయిన రోజులకి అది సరిపోతుంది. తర్వాత కాలానికి డాక్టరమ్మనే అడగండి, వైద్యంలో ఉన్నాడు, ఫలానా తేదీ దాకా విశ్రాంతి కావాలి అని జబ్బు పేరు లేకుండా రాసివ్వమని. మానసిక జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఆ 2017 చట్టంలోనే ఉంది. కాలేజీ వాళ్లు ఇంకా వివరాలు కావాలంటే ప్రిన్సిపాల్ ఒక్కరికే, సీల్ చేసిన కవర్లో, చేతికి.

పీజీ_ఓనరు_నెల్లూరు
ఇచ్చేటప్పుడు జిరాక్స్ మీద అందినట్టు స్టాంపు వేయించుకోమ్మా. లేకపోతే సెమిస్టర్ చివర మాకేం రాలేదంటారు, మా పిల్లలకి చాలాసార్లు అయింది. ఏ ఏరియా కాలేజీ? దగ్గర్లో అయితే పగలు మా దగ్గర భోజనానికి రమ్మనండి, డబ్బులేం వద్దు, నలుగురితో కూర్చుని తింటాడు.

కడప_కుర్రోడు
సాంబారు లేని రోజు చూసి రమ్మనండి.